రాకీ కొండల సాయంకాలపు పువ్వు, దాని హెర్బేరియం రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు వైపు డిగ్రీ, పీజీ బోటనీ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం ఈనోథీరా సెస్పిటోసా, అంటే పైన చెప్పిన పువ్వు, దాని రికార్డులు దింపుకున్నాక అడిగే ప్రశ్నలు ఇవి. హెర్బేరియం అంటే మొక్కల్ని నొక్కి ఆరబెట్టి, కాగితం షీట్ మీద అంటించి, వివరాల లేబుల్‌తో దాచే చోటు. ప్రతి సెమిస్టర్‌లో ఇవే మళ్ళీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నిటికీ ఒకే పొడవు జవాబులు ఆశించకండి. కొన్నిటికి రెండు ముక్కలు చాలు, లేబుల్ దగ్గరికి వస్తే మాత్రం సాగదీస్తాను, ఎందుకంటే అసలు సరుకంతా అక్కడే ఉంది.

ఇంటర్‌లో డీవ్రీస్ పాఠంలో చదివిన ఈనోథీరా ఇదేనా?

ప్రజాతి అదే, జాతి వేరు. డీవ్రీస్ 1886లో హాలండ్‌లోని హిల్వర్సమ్ దగ్గర, సాగు మానేసిన ఓ బంగాళదుంపల చేనులో చూసింది ఈనోథీరా లామార్కియానా. దాని మీద పెంచుకున్న పనితోనే 1901 నుంచి 1903 మధ్య ఉత్పరివర్తన సిద్ధాంతం అచ్చువేశాడు. ఆయన ఉత్పరివర్తనాలు అనుకున్న వాటిలో చాలావరకు ఈ మొక్కల క్రోమోజోములు క్షయకరణ విభజనలో వలయాల్లా కట్టుకోవడం వల్ల వచ్చిన తమాషాలని తర్వాత తేలింది, అది పరీక్షలో పెద్దగా అడగరు.

మనది ఈనోథీరా సెస్పిటోసా. అమెరికా పశ్చిమ భాగంలో, కెనడా దిగువ నుంచి ఆరిజోనా, న్యూమెక్సికో దాకా ఎండు కొండవాలుల్లో, పలకరాయి పొడి మీద, రోడ్డు కోసం తవ్విన గట్ల మీద పెరుగుతుంది. కాండం దాదాపు కనబడదు, ఆకులన్నీ నేలకు ఆనుకుని గుత్తిగా ఉంటాయి. మధ్యలోంచి నాలుగు రేకుల పెద్ద తెల్లపువ్వు పొద్దుగూకే వేళకు విచ్చుకుని మర్నాడు ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. ఈ పేరు మొదట 1813లో నటాల్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టాడు.

మన నల్లమలలోనో, పాలకొండల్లోనో దొరుకుతుందా?

దొరకదు. ఈనోథీరా ప్రజాతి సొంతగడ్డ అమెరికా ఖండాలు. ఊటీ, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండల్లో కొన్ని జాతులు తోటల్లోంచి తప్పించుకుని రోడ్ల పక్కన స్థిరపడ్డాయి, వాటిలో ఇది లేదు. దీని కుటుంబం వాళ్ళు మన దగ్గర కావాలంటే చెరువు గట్టుకు వెళ్ళండి, తడినేలలో పసుపు పూల లుడ్విజియా కనిపిస్తుంది. పువ్వు కోసి చూస్తే రేకుల కింద అండాశయం పొడుగ్గా కాడలా ఉంటుంది. అది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మరి మనకు సంబంధం లేని మొక్క ఎందుకు సార్, ఎర్రచందనం తీసుకోవచ్చుగా?

ఎర్రచందనం రికార్డుల్లో కచ్చితమైన చోటు బయటపెట్టరు, పెట్టకూడదు కూడా, ఎందుకో కడప వాళ్ళకు నేను చెప్పాలా. అరుదైన, దొంగరవాణా జరిగే మొక్కల అక్షాంశ రేఖాంశాలను కావాలనే మసకబార్చి ఇస్తారు. దాంతో మ్యాపు పని నేర్చుకోవడం కుదరదు.

సెస్పిటోసాకి ఆ బాధ లేదు. పశ్చిమ అమెరికా హెర్బేరియాలు షీట్లను ఫొటో తీసి నెట్‌లో పెట్టాయి. 1893లో ఏవెన్ నెల్సన్ మొదలుపెట్టిన రాకీ మౌంటెన్ హెర్బేరియం వాటిలో ఒకటి, వయోమింగ్‌లోని లారమీ ఊళ్ళో ఉంది. షీట్ బొమ్మ పెద్దది చేసి లేబుల్ చదవొచ్చు, డేటాలో ఎక్కించింది సరిగ్గా ఉందో లేదో పోల్చుకోవచ్చు. ఇంకో లాభం, మనం ఎలాగూ కొలరాడో వెళ్ళి చూడలేం కాబట్టి లేబుల్‌ని గట్టిగా నిలదీయక తప్పదు. ఆ అలవాటు వచ్చాక మన షీట్ల మీద కూర్చోండి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో హెర్బేరియం ఉంది, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 2022లో తెరిచిన ఇండియన్ వర్చువల్ హెర్బేరియం ఉంది.

లేబుల్ మీద పువ్వు తెలుపు అని ఉంది, షీట్ మీద గులాబీ రంగులో ఉంది. ఇంకొన్నిట్లో లేబులే గులాబీ అంటోంది. రెండు జాతులా?

ఒకటే జాతి, వేరే గంట. ఈ పువ్వు విచ్చుకున్నప్పుడు తెలుపు, వాడేకొద్దీ గులాబీకి తిరుగుతుంది. మన ఇళ్ళలో బ్రహ్మకమలం పూసిన రాత్రి ఫొటోలు తీసి, పొద్దున లేచేసరికి వేలాడిపోయిన దాన్ని చూస్తాం కదా, అలా దీనికీ ఒక్క రాత్రే. మొక్కలు సేకరించేవాళ్ళు తిరిగేది పగటిపూట. ఉదయం పది గంటలకు కొండ ఎక్కినవాడికి దొరికేది నిన్నటి పువ్వు, ముడుచుకుని గులాబీగా ఉంటుంది. వాడు చూసింది వాడు రాశాడు. సాయంత్రం గుడారం పక్కన కోసినవాడు తెలుపు అని రాశాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

పోతే తెల్లగా ఉన్నప్పుడే కోసి పేపర్ల మధ్య పెట్టినా, ఆరేలోపు రంగు తిరుగుతుంది. అందుకే షీట్ మీది రంగును డేటాగా తీసుకోకండి. లేబుల్‌లో రాసిన రంగును తీసుకోండి, దాని పక్కన సేకరించిన సమయం ఉంటే అదీ రాసుకోండి. సమయం లేకపోతే రంగు కాలమ్ ఖాళీగా వదిలేయడం మేలు. గులాబీ, తెలుపు అని రెండు గుంపులు చేసి ఎత్తుతో పోల్చి గ్రాఫు గీస్తే చూడటానికి బ్రహ్మాండంగా వస్తుంది, అర్థం మాత్రం సున్నా.

షీట్‌లో పువ్వు కాడ ఆకుల కంటే పొడుగ్గా ఉంది. పుష్పవృంతం పొడవు అని కొలవాలా?

అది వృంతం కాదు. షీట్ బొమ్మ బాగా పెద్దది చేసి పువ్వు నుంచి కిందికి దిగండి. రేకుల మొదలు దగ్గర వెనక్కి మడిచిన రక్షక పత్రాలు ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి గొట్టం మొదలై కిందికి, కిందికి పోయి ఆకుల గుత్తిలో మాయమవుతుంది. అండాశయం ఆ అట్టడుగున, నేల మట్టానికి, ఆకుల మొదళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. చెరువు గట్టు లుడ్విజియాలో చూసిన నిమ్న అండాశయమే ఇది, కాకపోతే దానికీ రేకులకూ మధ్య ఈ పొడుగాటి గొట్టం వచ్చి చేరింది, దీన్ని హైపాంథియం అంటారు. పది సెంటీమీటర్లు దాటే గొట్టాలు కూడా ఉన్నాయి. అడుగున ఉన్న తేనెను అందుకునేది పొడవైన నాలుక ఉన్న హాక్‌మాత్‌లు, చీకటిపడ్డాక గాలిలో నిలబడి తాగే పెద్ద రెక్కల పురుగులు. పై కొసన కీలాగ్రం నాలుగు పాయలుగా చీలి కూడిక గుర్తులా కనిపిస్తుంది, నొక్కిన పువ్వులో కూడా అది దొరుకుతుంది.

గొట్టం కొలిచేటప్పుడు దాని మీద టేపు అంటించి ఉందా, ఆకు కింద దూరి ఉందా చూసుకోండి. స్కేలు బొమ్మ ఫొటోలోనే ఉంటుంది, దాంతో పోల్చి కొలవండి, కంప్యూటర్ స్క్రీన్ మీద ప్లాస్టిక్ స్కేలు పెట్టి కాదు. నవ్వకండి, పెట్టినవాళ్ళు ఉన్నారు.

పేరు కొట్టి వెతికితే ఒక్కోసారి ఒక్కో సంఖ్య వస్తోంది.

స్పెల్లింగ్ రెండు రకాలు. జాతి పేరులో పాతవాళ్ళు ఏ, ఈ రెండక్షరాలూ కలిపి రాస్తారు, కొత్త లేబుళ్ళలో చాలాచోట్ల ఒక్క ఈ మాత్రమే ఉంటుంది. కొన్ని పాత లేబుళ్ళ మీద ప్రజాతే వేరు, ప్యాకిలోఫస్ అని ఉంటుంది. ఎన్నో హెర్బేరియాల రికార్డుల్ని ఒకచోట చేర్చే జీబిఫ్ లాంటి పెద్ద పోర్టల్ పర్యాయ నామాలను చాలావరకు తనే కలిపేస్తుంది, హెర్బేరియం సొంత సైటులో వెతికితే మీరే అన్నీ విడివిడిగా కొట్టాలి. ప్రజాతి హద్దులూ కదిలాయి. 2007లో వాగ్నర్, హోక్, రేవెన్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని తిరగరాసినప్పుడు గౌరా ప్రజాతి ఈనోథీరాలో కలిసిపోయింది. నర్సరీలో గౌరా అని కుండీలో అమ్మేది కూడా ఇప్పుడు ఈనోథీరాయే, ప్రజాతి మొత్తం రికార్డులు దింపుకుని ఇవెక్కడివని కంగారుపడకండి.

ఒకే షీట్ మీద మూడు చీటీలు, మూడు పేర్లు ఉన్నాయి. ఏది నమ్మాలి?

మొదటిది సేకరించినవాళ్ళ లేబుల్. తక్కినవి తర్వాత వచ్చి చూసినవాళ్ళు అంటించిన నిర్ధారణ చీటీలు. మామూలుగా చివరి తేదీ ఉన్నది తీసుకుంటాం, అయితే చివరివాడు గొప్పవాడని రూలేం లేదు. ఆ గుంపు మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ చీటీ 1980లలోది, హడావిడిగా పేర్లు మార్చినవాళ్ళది 2010లోది అయితే నేను పాతదాని వైపే ఉంటాను. సెస్పిటోసా గుంపుని వాగ్నర్, మరో ఇద్దరూ కలిసి 1985లో సమగ్రంగా సవరించారు, ఈ జాతిలో ఐదు ఉపజాతులు గుర్తిస్తారు. వాటిని విడదీసేది నూగు, గొట్టం పొడవు, కాయ ఆకారం లాంటివి. షీట్ మీద కాయ లేకపోతే ఉపజాతి జోలికి పోకండి, జాతి దగ్గర ఆపేయండి, మార్కులేమీ తగ్గించను.

ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే చోటు, కానీ నాలుగు రికార్డులు ఉన్నాయి. నాలుగు మొక్కల గుంపులా?

ఒకటే. సేకరించినవాళ్ళు ఒకే చోట కోసిన వాటితో నాలుగు షీట్లు చేసి నాలుగు హెర్బేరియాలకు పంచుతారు, ఒకచోట నిప్పో చెదలో పడితే ఇంకోచోట ఉంటుందని. గుర్తుపట్టడానికి సేకరణ సంఖ్య చూడండి. హెర్బేరియం వేసే ప్రవేశ సంఖ్య వేరు, మనిషి తన నోట్‌బుక్‌లో వేసుకునే సేకరణ సంఖ్య వేరు. పేరు, సేకరణ సంఖ్య, తేదీ మూడూ కలిస్తే దాన్ని ఒకే సంఘటనగా లెక్కపెట్టండి. పేర్లలో పొట్టి అక్షరాలు, అంటే ఇనిషియల్స్, ఒకచోట ఉంటాయి, ఒకచోట ఉండవు, కాబట్టి ఇది కంప్యూటర్ ఒక్కటే తేల్చదు, కళ్ళతో చూడాల్సిందే.

నాలుగు షీట్లకు నాలుగు రకాలుగా అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారనుకోండి, అది ఇంకా మంచి పాఠం. ఒకే లేబుల్ వాక్యాన్ని చదివి నలుగురు నాలుగు చోట్ల చుక్క పెట్టారన్నమాట. ఆ చుక్కల మధ్య దూరం చూస్తే ఒక్క చుక్కని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

చోటు గురించి లేబుల్‌లో ఉన్నది అర్థం కావట్లేదు. టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ ఏమిటివి?

అమెరికాలో పశ్చిమాన నేలను గళ్ళుగా కొలిచారు. ఒక టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళు, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ చదరపు మైలు. మన సర్వే నంబర్ లాంటి పనే చేస్తుంది. లేబుల్‌లో సెక్షన్ దాకా ఉంటే మీ చుక్క ఆ చదరపు మైలులో ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి చుక్కతోపాటు అనిశ్చితి ఎన్ని మీటర్లో కూడా రాయాలి, ఆ కాలమ్ దాటేయకండి. జీపీఎస్ వచ్చాక రాసిన లేబుళ్ళలో డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు ఏ భూమి నమూనా మీద లెక్కకట్టారో, అది కూడా చూసుకోండి. 1927 నాటి డేటమ్‌లో ఇచ్చిన అంకెల్ని ఇప్పటి మ్యాపు మీద అలాగే పెడితే చుక్క పదుల మీటర్లు జరుగుతుంది. కొండవాలులో పదుల మీటర్లంటే గట్టు పైనుంచి వాగులోకి దిగిపోవచ్చు.

పాత లేబుళ్ళలో ఇవేవీ ఉండవు, కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు ఉంటుంది, అంతే. ఆ కౌంటీ ఏ సంవత్సరపు కౌంటీ అన్నది మీరు అడగాలి. కొలరాడోలోని బ్రూమ్‌ఫీల్డ్ కౌంటీ 2001లో పుట్టింది, అంతకుముందు ఆ నేల బౌల్డర్, ఆడమ్స్, జెఫర్సన్, వెల్డ్ కౌంటీల మధ్య పంచుకుని ఉండేది. 1876కి ముందు కొలరాడో రాష్ట్రమే కాదు, వయోమింగ్ 1890 దాకా కాదు.

ఇది మనకు చాలా తేలిగ్గా అర్థం కావాలి. బ్రిటిష్ కాలపు షీట్ మీద కడప జిల్లా అని ఉంటే అది ఇప్పటి కడప జిల్లా అనుకునేరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె వైపంతా కడప జిల్లాయే. అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కర్నూలు లోంచి నంద్యాల, అనంతపురం లోంచి శ్రీ సత్యసాయి విడిపోయాయి, కడప జిల్లాలో కొంత అన్నమయ్యకు వెళ్ళింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ సంగతి సరేసరి, 2005లో మార్చకముందు కడప పేరు సీ అక్షరంతో మొదలయ్యేది, ఇప్పుడు కేతో. వెతికేటప్పుడు రెండూ కొట్టకపోతే వందేళ్ళ రికార్డులు మీ చేతికి రావు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో డయర్ సైకాస్ బెడ్డోమీ అని పేరు పెట్టిన మొక్క మన కడప కొండలదే. అలాంటి వాటి పాత లేబుళ్ళు చదివేటప్పుడు ఈ జిల్లాల చరిత్ర దగ్గర లేకపోతే చుక్కని ఏ కొండ మీద పెడతారు?

నా మ్యాపులో కొన్ని చుక్కలు చైనాలో పడ్డాయి!

మైనస్ గుర్తు పోయింది. కొలరాడో రేఖాంశం 105 డిగ్రీల పశ్చిమం, డేటాలో దాన్ని మైనస్ 105 అని రాయాలి. మైనస్ ఎగిరిపోతే అదే అక్షాంశం మీద చైనాకు చెందిన ఇన్నర్ మంగోలియాకి పోతుంది. చుక్క అసలు మ్యాపు మీదే పడకపోతే అక్షాంశం, రేఖాంశం తారుమారు అయ్యాయేమో చూడండి, అక్షాంశం 90 దాటదు. అచ్చం కౌంటీ నడిబొడ్డున చాలా చుక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటే, చోటు తెలియక మధ్యలో పెట్టేశారని అర్థం. వాటిని ఎత్తు లెక్కలకు అస్సలు వాడకండి.

ఎత్తు?

లేబుల్‌లో 7000 అని ఉంటే అది అడుగులు. మీటర్లలో సుమారు 2134. మీటర్ల కాలమ్‌లో 7000 కనిపిస్తే ఎవరో మార్చకుండా ఎక్కించారు, రాకీల్లో అంత ఎత్తు శిఖరమే లేదు.

ఒక లోయలో ఒక్క రికార్డూ లేదు. అక్కడ మొక్క లేదని రాయొచ్చా?

రాయొద్దు. అక్కడికి ఎవరూ వెళ్ళలేదేమో, వెళ్ళినా పూసే కాలంలో వెళ్ళలేదేమో, వెళ్ళి చూసి, ఇది ఎక్కడైనా ఉండేదేలే అని కోయలేదేమో. ఆకుల గుత్తి మాత్రమే ఉన్నప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ.

రోడ్డు గీతల మ్యాపు మీద మీ చుక్కలు వేసి చూడండి, చుక్కలు రోడ్లను పట్టుకుని నడుస్తాయి. ఇక్కడా అంతే. గువ్వలచెరువు ఘాట్‌లో బండి ఆపి పాలకోవా తిని, పక్కన గట్టు మీద నాలుగు మొక్కలు కోసుకుని వచ్చినవాళ్ళు ఎందరో, లంకమల లోపలికి రెండు రోజులు నడిచినవాళ్ళు ఎందరు? ఆ లంకమల వైపే కలివికోడి సంగతి గుర్తుచేసుకోండి. 1900 తర్వాత దాని రికార్డు లేదు, ఇక అంతరించిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లాలోనే మళ్ళీ కనిపించింది. ఎనభై ఏళ్ళకు పైగా డేటాలో ఖాళీ, పిట్ట మాత్రం ఆ పొదల్లోనే ఉంది. రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు తిరిగే మనుషులు. మన పువ్వు కథకి దగ్గరి చుట్టం.

అందుకని ఆ చోటికి రికార్డు లేదు అని రాయండి. ఇంకా బలంగా చెప్పాలంటే అదే లోయలో అదే నెలలో వేరే మొక్కలు ఎన్ని సేకరించారో చూడండి. వందల షీట్లు ఉండి ఇదొక్కటే లేకపోతే అప్పుడు కాస్త మాట్లాడొచ్చు.

వాతావరణం వేడెక్కి ముందుగా పూస్తోందా అని ఈ షీట్లతో చెప్పగలమా?

ప్రయత్నించొచ్చు, ఈ పని చాలామంది చేస్తున్నారు. సేకరించిన తేదీని ఏడాదిలో ఎన్నో రోజో అంకెగా మార్చి, పువ్వుందా, మొగ్గా, కాయా అని షీట్ చూసి రాసుకుంటారు. అయితే ఎత్తు పెరిగేకొద్దీ పూత ఆలస్యమవుతుంది. పాత షీట్లు రైలు మార్గాల దగ్గర పల్లంలోవి, కొత్తవి జీపు వెళ్ళే ఎత్తులోవి అయితే మీ గ్రాఫులో కనిపించేది ఎత్తు తేడా మాత్రమే. ఎత్తు, అక్షాంశం రెండూ లెక్కలో పెట్టకుండా సంవత్సరం మీద గీత గీయకండి. తేదీ బదులు నెల మాత్రమే ఉన్న లేబుల్‌కి కంప్యూటర్ ఒకటో తారీఖు తగిలిస్తుంది, అవన్నీ తీసేయండి. కాలేజీ సెలవుల్లో తిరిగిన మాస్టార్లు ఎక్కువ కాబట్టి సేకరణలు వేసవిలో కుప్పపడతాయి, అది మొక్క ఇష్టం కాదు, టైమ్ టేబుల్ ఇష్టం.

మెడికల్ షాపులో అమ్మే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్ దీనిదేనా?

కాదు. అది ప్రధానంగా ఈనోథీరా బయెన్నిస్ గింజల నూనె. వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడగండి, బోటనీ మాస్టారిని కాదు.

మన యూనివర్సిటీలో పాత షీట్లు చేత్తో పట్టుకోవచ్చా?

క్యూరేటర్ ఒప్పుకుంటే పట్టుకోవచ్చు, గ్లవ్స్ వేసుకుని. పురుగు పట్టకుండా పాతకాలంలో మెర్క్యూరిక్ క్లోరైడ్ పూసేవాళ్ళు, అది విషం, ఏళ్ళు గడిచినా కాగితం మీద ఉంటుంది. చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవొద్దు. షీట్‌ని పుస్తకం పేజీలా తిప్పొద్దు, రెండు చేతులతో అడ్డంగానే ఎత్తి పక్కన పెట్టండి.

మేమే ఇక్కడి కొండల్లో షీట్లు చేయొచ్చా?

ఊరి బయట బీడులో, చెరువు గట్టున, రైతు ఒప్పుకుంటే చేలో, హాయిగా చేయండి. రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి, ప్రాజెక్టు పని అని నోటితో చెబితే చాలదు. ఆ కొండల్లో సంచితో కనిపించే కుర్రాళ్ళని వాళ్ళు ఎలా చూస్తారో మీకు తెలుసు.

లేబుల్ మాత్రం ఇంటికొచ్చి రాయొద్దు, మొక్క దగ్గరే నోట్‌బుక్‌లో రాయండి. ఊరు, ఆ ఊరి నుంచి ఏ దిక్కున ఎంత దూరం, మండలం, జిల్లా, తేదీ, గంట, జీపీఎస్ అంకెలు, ఫోన్ చూపించిన కచ్చితత్వం, నేల రకం, పువ్వు రంగు, పక్కన ఏ మొక్కలు ఉన్నాయి, మీ సేకరణ సంఖ్య. వాసన ఉంటే అదీ రాయండి, ఎండిన షీట్‌లో అది మిగలదు. ఊళ్ళోవాళ్ళు ఆ మొక్కని ఏమంటారో అడిగి వాళ్ళు పలికినట్టే తెలుగులో రాసుకోండి, పుస్తకంలోని పేరుకి సరిచేయొద్దు.

రిపోర్టులో డేటా ఎక్కడిదని రాయాలి?

జీబిఫ్ నుంచి దింపుకుంటే ఆ దింపుడుకే ఒక డీఓఐ సంఖ్య, అంటే మారని నెట్ చిరునామా లాంటిది, ఇస్తుంది, అది రాయండి. గూగుల్ అని రాస్తే వెనక్కి పంపుతాను. షీట్ బొమ్మ వాడితే హెర్బేరియం పేరు, ప్రవేశ సంఖ్య కింద ఇవ్వండి.

ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు మారిపోతున్నాయి, 1900కి ముందువి అసలు తేదీలుగానే తీసుకోవట్లేదు.

ఎక్సెల్ తేదీలు 1900 నుంచే మొదలవుతాయి, పాత షీట్ల తేదీలను అది మామూలు అక్షరాల్లాగే చూస్తుంది. రోజు, నెల తారుమారు చేసే జబ్బు కూడా ఉంది. ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఇంపోర్ట్ చేసేటప్పుడు తేదీ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పండి. సంవత్సరం, నెల, రోజు అని జీబిఫ్ ఫైలులో మూడు కాలమ్‌లు విడిగా ఉంటాయి, లెక్కలకు అవే వాడండి. దింపిన అసలు ఫైలుని ముట్టుకోకుండా ఒక కాపీ పక్కన పెట్టుకోండి, పని అంతా రెండో కాపీ మీద చేయండి.